యూరప్‌తో చదువు చుట్టరికం: కోసిగి నుంచి మొదలుపెట్టేవారికి

గుంతకల్లు–రాయచూరు రైలు మార్గంలో ఆదోని, ఇస్వి, కుప్పగల్లు దాటాక వచ్చే ఊరు కోసిగి. అక్కడ కూర్చొని యూరప్ మీద పరిశోధన చేస్తానంటే ముందు ఇంట్లోవాళ్లే నమ్మరు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో యూరప్ అధ్యయన కేంద్రం ఉంది, మణిపాల్‌లో ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం చుట్టుపక్కల అలాంటి విభాగం లేదు. గైడు లేడు, గ్రంథాలయం లేదు, ఆ విషయం మాట్లాడే తోటివాడూ లేడు. ఈ అధ్యాయం ఆ పరిస్థితిలో ఉన్న డిగ్రీ కళాశాల అధ్యాపకుడికి, పీజీ ముగించిన అమ్మాయికి, పరిశోధనకు పేరు నమోదు చేసుకొని ఊళ్లోనే ఉంటున్న విద్యార్థికి.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. దూరంలో ఉన్నవాళ్లు పరిచయాలను అడుక్కోవాల్సిన పని లేదు. మన దగ్గర ఉన్న జ్ఞానం ఏమిటో తెలుసుకొని, దాన్ని మన పేరుతో ముందు పెడితే అవతలివాళ్లు తప్పక తిరిగి చూస్తారు. మిగతా సలహాలన్నీ దీని నుంచే వస్తాయి.

మన దగ్గర ఏముంది?

సుగ్గితో, అంటే కోతల కాలపు వలసతో, మొదలుపెడదాం. దసరా దాటిందంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తి తీతకు, బెంగళూరులో కట్టడం పనులకు జనం బయలుదేరతారు. చాలామంది పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్తారు. బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. అందుకే ఈ ప్రాంతంలో ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వచ్చింది.

ఇప్పుడు స్పెయిన్ దక్షిణాన వెల్వా జిల్లాకు వెళ్దాం. అక్కడి స్ట్రాబెర్రీ తోటల్లో కోతకు మొరాకో నుంచి ఆడవాళ్లను ఒప్పందం మీద తెస్తారు. పిల్లలున్న తల్లులకే ప్రాధాన్యం ఇస్తారు, ఎందుకంటే బిడ్డలు ఇంటి దగ్గర ఉంటే వాళ్లు పని కాగానే తిరిగి వెళ్లిపోతారన్న నమ్మకం. 2014లో యూరోపియన్ యూనియన్ సీజనల్ కార్మికుల మీద ప్రత్యేకంగా ఒక ఆదేశం చేసింది. పన్నెండు నెలల్లో ఐదు నుంచి తొమ్మిది నెలల మధ్య గడువును ప్రతి సభ్యదేశం తానే నిర్ణయించుకోవాలని, పని పరిస్థితుల్లో స్థానికులతో సమానంగా చూడాలని అందులో ఉంది.

ఒకచోట పిల్లలు ఇంట్లో ఉండటం తల్లి తిరిగి రావడానికి హామీ. ఇంకోచోట పిల్లలు తల్లి కొంగు పట్టుకొని మిరప చేలో ఉంటారు. చట్టం ఒకరికి ఉంది, ఇంకొకరికి దాదాపు కనిపించదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగేది ఎవరు? పారిస్‌లో ఉన్న పండితుడికి వెల్వా తెలుసు, కౌతాళం తెలియదు. మీకు కౌతాళం తెలుసు, వెల్వా గురించి చదువుకోగలరు. సుగ్గికి పోయొచ్చినవాళ్లతో వాళ్ల మాటలో, వాళ్ల అరుగు మీద కూర్చొని మాట్లాడగలిగినవారి సంపద చిన్నది కాదు.

చరిత్ర మీద మనసున్నవారికి ఇంకో దారి ఉంది. తుంగభద్ర దాటితే రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షా మీద గెలిచిన యుద్ధం అక్కడిదే. ఆ ముట్టడిలో క్రిస్టోవావ్ ద ఫిగెయిరెదో అనే పోర్చుగీసువాడు తుపాకీవాళ్లతో వచ్చి కోట గోడ మీదివాళ్లను కాల్చాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. ఆదోని కోటలో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఏలుబడి చేసినప్పుడు అతని కొలువులో ఫ్రెంచి సైనికులు ఉండేవారు. 1810లో లండన్ మిషనరీ సొసైటీవాళ్లు బళ్లారిలో స్థిరపడ్డారు. ఆదోని తాలూకా అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిసింది. ఆ మిషన్ కాగితాలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్‌లో ఉన్నాయి. అంటే మన ఊళ్ల ప్రస్తావనలు పోర్చుగీసులో, ఫ్రెంచిలో, ఇంగ్లీషులో యూరప్ గ్రంథాలయాల్లో దొరుకుతాయి. ఆ కాగితాల్లో రాసిన ఊరిపేరును చూసి అది ఏ పల్లెయో పోల్చగలిగేది ఇక్కడివాళ్లే.

వాణిజ్యం చదివినవారికి మిరప, వేరుశనగ ఉన్నాయి. ఎండుమిరపలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. నేరుగా తినే వేరుశనగకు ఆ పరిమితులు 2, 4 మాత్రమే. ఏ దేశపు సరుకులో ఏ తేడా పట్టుబడిందో యూరప్ ఆహార హెచ్చరికల వ్యవస్థ అందరికీ కనిపించేలా ప్రకటిస్తుంది. కళ్లంలో మిరప ఎలా ఆరబోస్తారు, వాన పడితే ఏం కప్పుతారు, ఏజెంటు ఎంత తేమ ఒప్పుకుంటాడు అన్నది ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లేవాళ్లకు తెలుసు. బ్రస్సెల్స్ నియమం కళ్లం దాకా వచ్చేసరికి ఏమవుతుందన్నది గట్టి పరిశోధనాంశం.

ముందు నడిచినవాళ్లు

బళ్లారి కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ సీవెల్ 1900లో విజయనగర చరిత్ర మీద పుస్తకం అచ్చువేశాడు. దానికి ప్రాణం పోసింది పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఒక పోర్చుగీసు రాతప్రతి. అందులో పేస్, నూనిజ్‌ల కథనాలు ఉన్నాయి. దాన్ని 1897లో లిస్బన్‌లో డేవిడ్ లోపెజ్ అనే పండితుడు ప్రచురించాడు. రాతప్రతి పారిస్‌లో, ప్రచురణ లిస్బన్‌లో, హంపిని కళ్లారా చూసిన అనుభవం ఇటు బళ్లారివాడికి. ఈ మూడూ కలవకపోతే ఆ పుస్తకం లేదు.

కడపలో సి.పి. బ్రౌన్ సంగతి చూడండి. వేమన పేరు ఆయనకు తగిలింది ఫ్రెంచి మతగురువు అబ్బే దుబాయ్ రాసిన పుస్తకంలో. అక్కడి నుంచి వెదుకుతూ పోయి, పండితులకు జీతాలిచ్చి ప్రతులు పోల్చి చూసి, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చుకు తెచ్చాడు. తర్వాత లండన్‌లో ఉన్నప్పుడు ఇండియా హౌస్‌లో పడి ఉన్న తెలుగు రాతప్రతులను గుర్తించి మద్రాసుకు తిరిగి పంపించాడు. ఆయన కడప బంగళా స్థలంలో ఇప్పుడు గ్రంథాలయం, పరిశోధనా కేంద్రం ఉన్నాయి. యూరప్‌తో సంబంధం పెట్టుకోవాలనుకునే రాయలసీమ విద్యార్థి మొదట వెళ్లాల్సిన చోట్లలో అది ఒకటి.

కావలి సోదరుల కథ మాత్రం బాధ కలిగిస్తుంది. సర్వేయరు కల్నల్ మెకంజీ ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు, శాసనాలు సేకరించాడని అంటాం. ఊరూరూ తిరిగి, కరణాలతో మాట్లాడి, రాయించి, అర్థం చెప్పినవాళ్లు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. 1821లో మెకంజీ చనిపోయాక ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. ఆ పనికి నేటివుల సామర్థ్యం చాలదని కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ తేల్చేశాడు. పని విలియం టేలర్ అనే మిషనరీకి వెళ్లింది. సమాచారం ఇచ్చినవాడు ఒకరు, పండితుడిగా పేరు పొందింది ఇంకొకరు. ఈ అన్యాయం మనం కట్టుకునే సంబంధాల్లో మళ్లీ జరగకూడదు. దాని గురించి చివర్లో చెబుతాను.

మన కాలానికి దగ్గరి ఉదాహరణ పత్తి విత్తనాల పొలాల నుంచి వచ్చింది. హైదరాబాదు పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు కర్నూలు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తిలో బాలకార్మికుల మీద క్షేత్ర అధ్యయనాలు చేశారు. పువ్వులకు పుప్పొడి అంటించే క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని పెట్టడం ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. 2003లో ఆయన నివేదికను నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ యూరప్‌లో ముందుకు తెచ్చింది. విత్తనాలు కొనే బహుళజాతి కంపెనీలు తమ దేశాల్లోనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది నివేదిక మీద ఎవరి పేరు ఉందన్నది. పొలానికి వెళ్లినవాడి పేరే రచయితగా ఉంది.

దగ్గరివాళ్లు ముందు

యూరప్‌కు రాసే ముందు వంద కిలోమీటర్ల లోపల ఎవరున్నారో చూడండి. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రాయచూరులో వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉంది. ఇంకాస్త అవతల బళ్లారిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. వీటిలో ఏదీ యూరప్ అధ్యయనానికి పెట్టింది కాదు. అయినా వలస మీద పనిచేసే ఆర్థికశాస్త్రవేత్త, పాత ఫారసీ ఫర్మానాలు చదవగల ఉర్దూ అధ్యాపకుడు, పురుగుమందు అవశేషాలు పరీక్షించే శాస్త్రవేత్త ఇలాంటిచోట్లే దొరుకుతారు. రాష్ట్రం సరిహద్దు అడ్డు అనుకోవద్దు. కోసిగివాళ్లకు రాయచూరు పరాయిది కాదు.

నలుగురైదుగురు చాలు. నెలకు ఒక ఆదివారం ఆదోనిలో కలవండి. ఒక వ్యాసం అందరూ ముందే చదివి రావాలి, ఒకరు దాని సారం తెలుగులో చెప్పాలి, ఒకరు రాసిపెట్టాలి. తెలుగులో చెప్పాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో అర్థమైనట్టు అనిపించేది తెలుగులో చెప్పబోతే ఎక్కడ అర్థం కాలేదో బయటపడుతుంది. ఆరు నెలలు ఇలా నడిచాక మీరు విదేశీ ఆచార్యుడికి రాసే ఉత్తరంలో "మా చదువు బృందం" అన్న మాట నిజంగా వాడగలరు. ఒంటరి విద్యార్థి రాసిన ఉత్తరానికీ, ఒక బృందం తరఫున వచ్చిన ఉత్తరానికీ విలువలో చాలా తేడా ఉంటుంది.

చదవడానికి డబ్బు అడ్డు కాదు. యూరోపియన్ యూనియన్ చట్టాలు యూర్‌లెక్స్ వెబ్‌సైటులో 24 అధికార భాషల్లో ఉచితం. ఫ్రెంచి జాతీయ గ్రంథాలయపు డిజిటల్ సేకరణ గాలికాలో పాత పుస్తకాలు, హేగ్‌లోని జాతీయ పత్రాగారంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ కాగితాలు చాలావరకు డిజిటల్ రూపంలో ఉన్నాయి. వలస మీద పనిచేసే యూరప్ పండితుల సంఘం ఇమిస్కో పుస్తకాల వరుసలో చాలా వాటిని ఎవరైనా దించుకొని చదువుకోవచ్చు. మన దేశపు సిద్ధాంతగ్రంథాలకు శోధగంగ ఉంది. మీ అంశం మీద అందులో ఇదివరకే వచ్చిన గ్రంథం చూడకుండా బయటివాళ్లకు రాయడం సరికాదు.

మొదటి ఉత్తరం

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేదా యాభైమందికి ఒకే మెయిల్ పంపుతారు. "మీ మార్గదర్శకత్వంలో పనిచేయాలని ఎంతో ఆసక్తిగా ఉన్నాను" అని మొదలయ్యే ఉత్తరాలు యూరప్ ఆచార్యులకు రోజూ వస్తుంటాయి. వాటికి జవాబు రాదు. ఒక్కరికే రాయండి. వారి రచన ఒకటి పూర్తిగా చదివి రాయండి. ఉత్తరంలో మూడు సంగతులు ఉంటే సరిపోతుంది: వారి రచనలో మిమ్మల్ని ఆపిన ఒక విషయం, మీరు అడిగే ఒక ప్రశ్న, మీరు ఇవ్వగలిగినది ఒకటి. ఇంగ్లీషులో పంపేది ముందు తెలుగులో ఇలా రాసుకోండి:

"ఆచార్య గారికి నమస్కారం. వెల్వా స్ట్రాబెర్రీ తోటల మీద మీ వ్యాసం చదివాను. పిల్లలున్న తల్లులనే ఎందుకు ఎంపిక చేస్తారో మీరు వివరించారు. నేను దక్షిణ భారతదేశంలో కర్నూలు జిల్లా కోసిగి మండలంలో, మిరప కోతలకు వెళ్లే కుటుంబాల మీద పనిచేస్తున్నాను. ఇక్కడ పిల్లలు పెద్దలతోపాటే వెళ్తారు, ఆ నెలల్లో బడి ఆగిపోతుంది. మొరాకోలో ఇంటి దగ్గర ఉండిపోయిన పిల్లల చదువు మీద ఎవరైనా పనిచేశారా? నేను మాట్లాడిన కుటుంబాల వివరాలతో నాలుగు పేజీల ఇంగ్లీషు సారాంశం నా దగ్గర ఉంది. మీకు పనికొస్తుందంటే పంపుతాను."

ఇంతే. బయోడేటా వద్దు, స్కాలర్‌షిప్ మాట వద్దు, పొగడ్తలు వద్దు. ఈ ఉత్తరానికి సమాధానం రాయడం అవతలివారికి సులువు, ఎందుకంటే అడిగినదానికి జవాబు వారికి తెలుసు. మూడు వారాలు ఆగి ఒక్కసారి మర్యాదగా గుర్తు చేయండి. ఆ తర్వాత వదిలేసి ఇంకొకరికి రాయండి. ఆగస్టులో రాయకండి, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ విశ్వవిద్యాలయాలు చాలావరకు సెలవుల్లో ఉంటాయి. పెద్ద ఆచార్యుల కంటే ఇటీవలే డాక్టరేట్ పొందినవాళ్లు త్వరగా, ఓపికగా జవాబిస్తారు. పదేళ్ల తర్వాత ఆ విభాగం నడిపేది వాళ్లే.

వీడియో కాల్ కుదిరితే గంట లెక్క తప్పకూడదు. పారిస్‌లో ఉదయం పది అయితే మనకు చలికాలంలో మధ్యాహ్నం రెండున్నర, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఒకటిన్నర.

మీకూ మెయిల్‌లో ఆహ్వానాలు రావడం మొదలవుతుంది. మీ అంశంతో సంబంధం లేని సదస్సుకు పిలిచి, ముందుగా రుసుము కట్టమని, వారంలో వ్యాసం అచ్చువేస్తామని చెప్పేవాటిని తీసి పారేయండి. ఎంతోమంది పేద విద్యార్థులు అలాంటిచోట డబ్బు పోగొట్టుకుంటున్నారు. సదస్సు నిర్వాహక సంఘంలో ఉన్నవారి పేర్లను వాళ్ల విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

భాష, డబ్బు

భాష గురించి భయపడేవారికి ఒక మాట. కోసిగిలో పుట్టినవాళ్లు తెలుగు, కన్నడం, ఎంతోకొంత ఉర్దూ మాట్లాడుతూ పెరుగుతారు. నాలుగో భాష నేర్చుకోవడం అలాంటివారికి కొత్త విద్య కాదు. హైదరాబాదులో ఇఫ్లూ, అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథె జెంట్రుమ్ ఉన్నాయి. ఏ భాష అన్నది మీ ప్రశ్నను బట్టి తేలాలి. వెల్వా అయితే స్పానిష్, రాయచూరు యుద్ధమైతే పోర్చుగీసు, బసాలత్ జంగ్ అయితే ఫ్రెంచి. ఉద్యోగాల కోసమని జర్మన్ మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువ.

ధనసహాయంలో రెండు దారులు తెలుసుకోండి. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ విద్యార్థులకు. కనీసం రెండు దేశాల్లో చదువు, స్కాలర్‌షిప్‌కు ఎంపికైనవారికి ఫీజులు ఉండవు, నెలకు 1400 యూరోలు ఇస్తారు. దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్య. జాఁ మొనే కార్యక్రమం సంస్థలకు. యూరోపియన్ యూనియన్ గురించి బోధించే కోర్సుకు మూడేళ్లపాటు సాయం ఇస్తుంది, ఏడాదికి కనీసం 40 గంటలు బోధించాలి. వ్యక్తి దరఖాస్తు చేయలేరు, విశ్వవిద్యాలయం లేదా కళాశాల చేయాలి. ఇక్కడే మీ ఆదోని బృందం పనికొస్తుంది. ఒక అధ్యాపకుడు కోర్సు రూపం రాసి, యూరప్‌లో ఇద్దరు సహకరిస్తామని చెప్పిన ఉత్తరాలు జత చేసి ప్రిన్సిపాల్ ముందు పెడితే, ఆయన కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

పేరు ఎవరిది?

పరిచయం ముదిరాక అవతలివారు మీ క్షేత్ర వివరాలు అడుగుతారు. చాలావరకు మంచి మనసుతోనే అడుగుతారు. అప్పుడు సిగ్గుపడకుండా ముందే మాట్లాడుకోవాలి. ఇంటర్వ్యూలు మొత్తం పంపే ముందు, వాటితో వచ్చే వ్యాసానికి రచయితలు ఎవరెవరు, ఎవరి పేరు ముందు, వ్యాసం డబ్బు కట్టకుండా ఎవరైనా చదివేలా అచ్చవుతుందా అన్నవి మెయిల్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి. యూరప్ విశ్వవిద్యాలయాల్లో ఇది మామూలు సంభాషణ, దీన్ని అమర్యాదగా ఎవరూ భావించరు. "క్షేత్రస్థాయి సహాయకులకు కృతజ్ఞతలు" అన్న పాదసూచికతో సరిపెడతామంటే వద్దనండి. మీరు మాట్లాడిన సుగ్గి కూలీల పేర్లు, ఊరి వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటికి పోకూడదన్న షరతు కూడా అదే మెయిల్‌లో ఉండాలి. వాళ్ల బాధను మన ఎదుగుదలకు వాడుకోవడం కూడా కావలి సోదరులకు జరిగినదాని లాంటిదే. అచ్చయిన వ్యాసం తెలుగు సారాంశం ఆ ఊరి గ్రంథాలయంలో, బడిలో ఉంచండి.

ఈ పుస్తకం మూసేలోపు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. దాన్ని పట్టించుకునే ఒక్క పండితుడి పేరు వెతికి, వారి వ్యాసం ఒకటి దించుకోండి. సెలవు రోజున ఆదోని వెళ్లే స్నేహితుడెవరో చూసి, మొదటి ఆదివారం తేదీ ఇద్దరూ కలిసి ఖాయం చేసుకోండి.